మాట ఖరీదు

చేతిలో డబ్బు లేనప్పుడు సినిమా తీయాలంటే ఇద్దరు మనుషుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించాలి, పరుగుల జోలికీ పోరాటాల జోలికీ పోకూడదు. షార్ట్ ఫిల్మ్ తీయబోయే కుర్రాళ్లకు అనుభవజ్ఞులు చెప్పే మొదటి సలహా ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. మాటకు పెట్టుబడి అక్కర్లేదు, నోరుంటే చాలు. పోరాటానికైతే జనం కావాలి, జాగా కావాలి, దెబ్బలు తగలకుండా చూసుకునేవాడొకడు కావాలి. అందుకే యూట్యూబ్‌లో పదిహేనేళ్లుగా పోగుపడిన తెలుగు షార్ట్ ఫిల్ముల్లో చాలావరకు కాఫీ షాపు బల్లల దగ్గర, హాస్టల్ గదుల్లో, మేడ మీద పిట్టగోడలకు ఆనుకుని జరుగుతాయి. మనుషులు కూర్చుంటారు, మాట్లాడుకుంటారు, కాసేపు ఒకరినొకరు చూసుకుంటారు, మళ్లీ మాట్లాడుకుంటారు. కానీ సొంత డబ్బుతో, సొంత మనుషులతో సినిమాలు తీసుకునే అలవాటుకు నూరేళ్ల చరిత్ర ఉంది. ఆ నూరేళ్లలో ఏది ఎంతకు దొరికిందో చూసుకుంటూ వస్తే ఈ సలహా తలకిందులుగా కనిపిస్తుంది. అమెచ్యూర్ సినిమాకు ఎప్పుడూ చవగ్గా దొరికింది కదలిక. ఖరీదు పలికింది మాట. ఇవాళ మాట చవకైపోయిందని అనుకుంటున్నాం గానీ, ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, కంటికి ఆనని చోటికి జరిగిందంతే.

అంతకుముందు చిన్నాచితకా ప్రయత్నాలు లేకపోలేదు గానీ, సినిమా కెమెరా ఇళ్లలోకి అడుగుపెట్టింది 1922-23 ప్రాంతంలో. ఫ్రాన్సులో పాతే కంపెనీ 9.5 మిల్లీమీటర్ల ఫిల్మును తెచ్చింది. 1923లో అమెరికాలో ఈస్ట్‌మన్ కోడాక్ 16 మి.మీ. ఫిల్మునూ దానికి తగిన కెమెరానూ అమ్మకానికి పెట్టింది. స్టూడియోలు వాడే 35 మి.మీ. నైట్రేట్ ఫిల్ము నిప్పు తగిలితే భగ్గున అంటుకునేది, ఇంట్లో పెట్టుకోదగింది కాదు. కొత్త ఫిల్ముతో ఆ భయం లేదు. కోడాక్ కెమెరా, ప్రొజెక్టరు, తెర వగైరా అన్నీ కలిపి 335 డాలర్లు. కెమెరా పిడిని సెకనుకు రెండు చుట్ల చొప్పున చేత్తో తిప్పాలి. మొదట్లో ఇది కలిగినవాళ్ల సరదాయే. 1926లో అమెచ్యూర్ సినిమా లీగ్ పుట్టింది, ఒక పత్రిక నడిపింది, 1930 నుంచి ఏటా పది మంచి సినిమాల జాబితా ప్రకటించింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో 16 మి.మీ. బరువు కూడా మోయలేనివాళ్ల కోసం కోడాక్ 1932లో 8 మి.మీ. ఫిల్ము దించింది. అదే నిడివికి పట్టే ఫిల్ము దాంతో నాలుగో వంతుకు తగ్గింది. సరిగ్గా ఆ ఏడాదే 'భక్త ప్రహ్లాద'తో తెలుగు సినిమా మాట్లాడటం మొదలుపెట్టింది. హాలీవుడ్ అప్పటికే ఐదేళ్లుగా మాట్లాడుతోంది. ఇంట్లో తీసే సినిమా మాత్రం ఇంకో నలభై ఏళ్లు నోరు విప్పలేదు. శబ్దాన్ని కూడా పట్టే 16 మి.మీ. కెమెరాలు కొన్ని వచ్చినా అవి గుమస్తా జీతానికీ బడిపంతులు జీతానికీ అందేవి కావు. ఫిల్మును నాలుగో వంతు చేయగలిగిన పరిశ్రమ మాటను మాత్రం సామాన్యుడి చేతికి ఇవ్వలేకపోయిందంటే, రెండింటిలో ఏది ఖరీదైనదో అక్కడే తేలిపోయింది.

నోరులేని ఆ ఏళ్లను లోపంగా చూడటం తేలిక. అప్పట్లోనూ చాలామంది అలాగే చూశారు. తెర మీద అక్షరాలు వేసి సంభాషణలు చదివించారు, గ్రామఫోను రికార్డులు పక్కన పెట్టి నడిపించారు, సినిమా ఆడుతుంటే తామే నిలబడి వ్యాఖ్యానం చెప్పారు. అయితే ఇవాళ్టికీ చూడదగ్గవిగా మిగిలినవి, మాట లేదన్న సంగతిని ముందే షరతుగా ఒప్పుకుని పనిలోకి దిగినవాళ్ల సినిమాలు. 1928లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ పట్టణంలో జేమ్స్ సిబ్లీ వాట్సన్, మెల్విల్ వెబర్ అనే ఇద్దరు మిత్రులు ఎడ్గార్ అలన్ పో కథ 'ద ఫాల్ ఆఫ్ ద హౌస్ ఆఫ్ అషర్'ను పదమూడు నిమిషాల సినిమాగా తీశారు. ఆ కథకు ప్రాణం చప్పుళ్లే. బతికుండగానే పాతిపెట్టిన మనిషి లేచి వస్తున్న అలికిడి వినిపిస్తేనే కథకుడి భయం మనకు ఎక్కుతుంది. వాట్సన్, వెబర్లు ఆ చప్పుళ్లను అక్షరాలుగా మార్చి తెర మీద ఈదించారు. బాదుడు, పగులు, కేక అనే అర్థాలిచ్చే ఇంగ్లిష్ మాటలు విడివిడి అక్షరాలుగా కదిలిపోతుంటాయి. వాటిని ఎవరూ చదివి అర్థం చేసుకోనక్కర్లేదు, కదిలే తీరు చూస్తే చాలు. అమెచ్యూర్ సినిమా లీగ్ ఈ సినిమా ప్రతుల్ని ఊరూరా సభ్యులకు పంపించింది.

మాయా డెరెన్ 1943లో భర్త అలెగ్జాండర్ హామిడ్‌తో కలిసి లాస్ ఏంజెలెస్‌లో తాము ఉంటున్న ఇంట్లోనే 'మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్' తీసింది. 14 నిమిషాల సినిమా, నటులు ఆ ఇద్దరే, ఒక్క మాట లేదు. సంగీతం చేర్చింది కూడా 1959లో. ఆ రోజుల్లో ఇలాంటివాళ్ల చేతిలో ఉన్నది బోలెక్స్ తరహా కెమెరా. దానికి కరెంటు పని లేదు, స్ప్రింగుకు కీ ఇచ్చి నడపాలి. ఒకసారి నిండా కీ ఇస్తే, సెకనుకు 24 ఫ్రేముల వేగంతో అర నిమిషం లోపే ఆగిపోతుంది. వంద అడుగుల ఫిల్ము చుట్ట మొత్తం కలిపి పావు తక్కువ మూడు నిమిషాలు. తిరుగుతున్నంతసేపూ గరగరమని చప్పుడు. ఇలాంటి యంత్రం ముందు ఇద్దరు మనుషులు తీరిగ్గా మాట్లాడుకునే సీను కుదరదు. ఒక మనిషి మెట్లెక్కే సీను కుదురుతుంది, తాళం తీసే సీను కుదురుతుంది, కిటికీలోంచి తొంగిచూసే సీను కుదురుతుంది. డెరెన్ సరిగ్గా వాటితోనే సినిమా కట్టింది. అందులో ఒకచోట కత్తి పట్టుకుని బల్ల దగ్గర్నుంచి లేచిన స్త్రీ ఒక అడుగు ఇసుకలో వేస్తుంది, తర్వాతి అడుగు గడ్డి మీద పడుతుంది, ఆ తర్వాతది బాట మీద, చివరి అడుగు గదిలోని తివాచీ మీద. తీసింది కొద్ది సెకన్ల ఫిల్ము, ఒక జత కాళ్లు. సెట్టు లేదు, ట్రిక్కు లేదు, కూలి లేదు. అయినా ఒక గదిని దాటడం ఎంత దూరమో ఆ నాలుగు అడుగులు చెప్పినట్టు ఏ డైలాగూ చెప్పదు. అమెచ్యూర్లను ఉద్దేశించి తర్వాత రాసిన ఒక వ్యాసంలో ఆమె వాదన కూడా ఇదే. ప్రొఫెషనల్‌కు లేనిదీ అమెచ్యూర్‌కు ఉన్నదీ స్వేచ్ఛ. మాటలతో, కథ మలుపులతో పెద్ద సినిమాలకు నకళ్లు తీస్తూ ఆ స్వేచ్ఛను పారేసుకోవద్దు. గాలి, నీరు, పిల్లలు, మనుషులు కదిలే తీరును పట్టుకోండి అన్నది ఆమె సారాంశం.

డెరెన్ కళాకారిణి, ఆమె లెక్క వేరు, కథ చెప్పాలనుకునే మామూలు కుర్రాడికి ఇది పనికిరాదు అని ఎవరైనా అనవచ్చు. అయితే మామూలు కుర్రాణ్నే చూద్దాం. 1960 ప్రాంతంలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ అనే బడిపిల్లాడు తండ్రి 8 మి.మీ. కెమెరాతో యుద్ధ సినిమాలు తీశాడు. కళ గురించి అతనికి బెంగ లేదు, హాల్లో చూసినవి ఇంటి దగ్గర మళ్లీ చేయాలన్నదే కోరిక. ఒకదాంట్లో విమానాల పోరాటానికి, దుకాణాల్లో అమ్మే పాత యుద్ధపు డాక్యుమెంటరీ ముక్కలు కొని, ఆగి ఉన్న విమానం కాక్‌పిట్‌లో స్నేహితుల ముఖాలు తీసి, రెంటినీ అతికించాడు. 40 నిమిషాల 'ఎస్కేప్ టు నోవేర్'కు బాంబులు కావాల్సి వచ్చాయి. గుంట మీద ఒక చెక్కను తూగుబల్లలా అమర్చి, ఒక కొసన పిండి పోసి, కనపడకుండా కొమ్మలు కప్పాడు. సైనికుడి వేషంలో పరిగెత్తుకొచ్చిన పిల్లాడు రెండో కొస మీద కాలు వేయగానే పిండి ఎగజిమ్మేది. తెర మీద అది పేలుడు. మందుగుండు లేదు, ప్రమాదం లేదు, ఖర్చు ఒక పొట్లాం పిండి. ఆ సినిమాకు పోటీలో బహుమతి వచ్చింది. ఇదే కుర్రాడు 1964లో 'ఫైర్‌లైట్' అనే పెద్ద నిడివి సినిమాకు మాటలు పెట్టాలనుకున్నాడు. తీసేటప్పుడు శబ్దం పట్టే దారి లేదు. అందుకని సినిమా అంతా తీసి కూర్చాక, నటుల్ని మళ్లీ పిలిపించి, తెర మీద తమ పెదాల్ని చూసుకుంటూ మాటలన్నీ తిరిగి చెప్పించి అయస్కాంతపు పట్టీ మీదికి ఎక్కించాడు. పేలుడుకు ఒక మధ్యాహ్నం సరిపోయింది. మాటకు సినిమాను ఇంకోసారి మొదట్నుంచి చేయాల్సి వచ్చింది.

కోడాక్ 1965లో తెచ్చిన సూపర్ 8 కాట్రిడ్జి ఫిల్ము ఎక్కించే తంటా తప్పించింది. కెమెరాలో పెట్టి మీట నొక్కడమే. ఒక్కో కాట్రిడ్జి 3 నిమిషాల 20 సెకన్లు. ఎనిమిదేళ్లకు, 1973లో, ఫిల్ము అంచున అయస్కాంతపు పట్టీ ఉన్న రకం వచ్చింది. ఎట్టకేలకు ఇంటి సినిమా తీస్తుండగానే మాట్లాడింది. ఇక్కడో చిక్కు ఉంది. ప్రొజెక్టరులో బొమ్మ కనిపించే కిటికీ ఒకచోట, శబ్దం చదివే తల మరోచోట ఉంటాయి కాబట్టి, ఏ బొమ్మకు చెందిన శబ్దమైనా దానికి 18 ఫ్రేములు ముందున్న ఫిల్ము మీద నమోదవుతుంది. అమెచ్యూర్ సాధారణంగా తీసే వేగంలో 18 ఫ్రేములంటే ఒక సెకను. ఇప్పుడు రాముడు ప్రశ్న అడిగిన షాట్‌నూ, సోముడు జవాబు చెప్పిన షాట్‌నూ కత్తిరించి అతికించారనుకోండి. సోముడి బొమ్మ వచ్చిన మొదటి సెకను రాముడి శబ్దమే వినిపిస్తుంది, సోముడి మొదటి మాట కత్తిరించిన ముక్కతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. దీనికి విరుగుడుగా నటుల్ని ప్రతి వాక్యానికి ముందూ వెనకా ఒక సెకను నోరు మూసుకుని ఉండమనేవారు. ఫలితంగా అందరూ ఆలోచించి ఆలోచించి మాట్లాడేవాళ్లలా కనిపించేవారు. పరుగెత్తే మనిషిని ఎక్కడ కోసినా అతుకుతుంది. మాట్లాడే మనిషిని కోస్తే గొంతు పోతుంది. శబ్దం చేతికి వచ్చిన రోజు కూడా ఎడిటింగ్ బల్ల కదలిక వైపే ఉంది.

ఇక్కడికి వీడియో వస్తుంది. 1983లో సోనీ బీటామూవీ, 1985లో దాని తర్వాత వచ్చిన చిన్న వీడియో 8 కెమెరాలు బొమ్మనూ మాటనూ ఒకే టేపు మీద, అదనపు ఖర్చు లేకుండా పట్టాయి. ఫిల్ము కడిగించే ఖర్చూ పోయింది. మాట చవకన్న నమ్మకం పుట్టింది ఈ దశలోనే అనుకుంటాను. ఆ నమ్మకాన్ని తూచి చూడటానికి ఆ తర్వాతి దశాబ్దంలో రెండు సినిమాలు దొరుకుతాయి. అవి షార్ట్ ఫిల్ములు కావు, నిజమే. కానీ షార్ట్ ఫిల్ము తీసే పద్ధతిలో, అదే రకం జేబుతో తీసినవి, పైగా ఖర్చు లెక్కలు బయటపడ్డవి. మొదటిది రాబర్ట్ రోడ్రిగ్జ్ మెక్సికో సరిహద్దు పట్టణం సియుదాద్ అకూన్యాలో 14 రోజుల్లో తీసిన 'ఎల్ మరియాచీ'. తుపాకులు, ఛేజులు, బస్సు మీదికి దూకుళ్లు. ఖర్చు దాదాపు 7,000 డాలర్లు, అందులో కొంత అతను మందుల కంపెనీ పరీక్షలకు ఒళ్లు అప్పగించి సంపాదించాడు. రెండోది కెవిన్ స్మిత్ న్యూజెర్సీలో తాను పనిచేసే కిరాణా దుకాణంలో రాత్రిళ్లు తీసిన 'క్లర్క్స్'. నలుపు తెలుపు ఫిల్ము, కౌంటరు వెనక ఇద్దరు మనుషులు, సినిమా పొడుగునా మాటలే. ఖర్చు 27,575 డాలర్లు. మన సలహాదారుల లెక్క ప్రకారం ఈ రెండు అంకెలూ తారుమారు కావాలి. తుపాకుల సినిమాకు ఒక రూపాయి అయితే కబుర్ల సినిమాకు నాలుగు రూపాయలైంది. తేడా మొత్తాన్నీ మాట ఖాతాలో రాయలేం. దేశం వేరు, ధరలు వేరు, మనుషులు వేరు. అయినా డైలాగు సినిమాకు చప్పుడు చేయని కెమెరా అద్దెకు తేవాలి, శబ్దం పట్టే మనిషి ఉండాలి, నటుడు తడబడిన ప్రతిసారీ ఫిల్ము మళ్లీ తిరగాలి. ఈ మూడూ రోడ్రిగ్జ్‌కు తప్పాయి.

ఎలా తప్పాయన్నదే అసలు ముచ్చట. అతను అరువు తెచ్చుకున్న ఆరిఫ్లెక్స్ కెమెరా గోల గోలగా నడిచేది, దానికి టేపురికార్డరును జత చేసే ఏర్పాటు లేదు. కాబట్టి ముందు షాటు మూగగా తీసేవాడు, కెమెరా ఆపి, మైకు నటుడి మూతి దగ్గర పెట్టి అదే డైలాగు మళ్లీ చెప్పించి టేపు మీద పట్టేవాడు. తర్వాత ఇంట్లో కూర్చుని పెదాలకు మాటను చేత్తో కలిపేవాడు. ఒకటి రెండు వాక్యాల వరకు కలిసేవి, ఆపై జారిపోయేవి. జారిన చోటల్లా వింటున్నవాడి ముఖానికో, పక్కనున్న కుక్కకో కోసేవాడు. ఆ సినిమాకు పేరు తెచ్చిన చకచకా కోతల వెనక ఈ అవసరం ఉంది. తుపాకుల సంగతీ అంతే. అవి ఉత్త తూటా ఒకటి పేలగానే ఇరుక్కుపోయేవి. ఒకే పేలుడును రెండు మూడు వైపుల నుంచి తీసి, శబ్దాన్ని వరుసగా పేర్చి ఆటోమేటిక్ తుపాకీలా వినిపించాడు. ట్రాలీ బదులు చక్రాల కుర్చీ. యాక్షన్‌లో ప్రతి లేమికీ ఏదో ఒక ఉపాయం దొరికింది. మాట దగ్గర దొరికిన ఒకే ఒక్క ఉపాయం, దాని మీంచి కళ్లు మళ్లించడం.

7,000 డాలర్ల అంకె మోసమనే విమర్శ ఉంది, అందులో నిజముంది. కొలంబియా సంస్థ ఆ సినిమా కొన్నాక దాన్ని 35 మి.మీ.లోకి మార్చడానికి, శబ్దాన్ని మళ్లీ చేయించడానికి అసలు ఖర్చుకు ఎన్నో రెట్లు పెట్టింది. 'క్లర్క్స్'కూ విడుదలకు ముందు మళ్లీ ఖర్చు పెట్టారు. కాని ఈ విమర్శ ఎవరి పక్షాన నిలుస్తుందో చూడండి. ఫీనిక్స్ కుర్రాడికి జరిగిందే రోడ్రిగ్జ్‌కూ జరిగింది. బొమ్మ అతని డబ్బుతో వచ్చింది, చెవికి ఇంపైన శబ్దం స్టూడియో డబ్బుతో వచ్చింది. ఇంతకంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. 'క్లర్క్స్' గొప్పదనమే దాని మాటలు, అవి తీసేస్తే ఏమీ మిగలదు, మరి డబ్బులేనివాడికి మాటే ఆయుధం కాదా అని. అవును, ఆయుధమే. కానీ స్మిత్ దాన్ని చవగ్గా కొనలేదు. క్రెడిట్ కార్డులన్నీ గీకేసి, ఏళ్లుగా దాచుకున్న కామిక్ పుస్తకాలు అమ్మేసి, ఆ డబ్బు మాట మీద పెట్టాడు. మిగతా అన్నిచోట్లా పిసినారితనం చూపించాడు. కెమెరా కదలదు, రంగు లేదు, పగలు దుకాణం నడవాలి కాబట్టి రాత్రి తీసి, బయటి చీకటి కనపడకుండా దించిన షట్టరు ఎందుకు మూసి ఉందో చెప్పడానికి తాళాల్లో ఎవరో చూయింగ్ గమ్ కుక్కారని ఒక డైలాగు రాసుకున్నాడు. ఖరీదైన వస్తువని తెలిసి కొన్నాడు, అందుకే గిట్టుబాటైంది. మన దగ్గర చిక్కల్లా దాన్ని ఉచితమనుకుని వాడటంలో ఉంది.

మనకు ఈ భ్రమ ఎక్కడిది? మాటల మీద తెలుగువాళ్లకు మోజెక్కువ అని ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. నాకది అసంపూర్ణంగా తోస్తుంది. 1885లో కడప ప్రాంతంలో 'కీచకవధ'తో మొదలైన సురభి నాటక సమాజం తరతరాలుగా జనాన్ని రప్పించుకున్నది గాల్లో తేలే పాత్రలతో, కళ్లముందే మారిపోయే తెరలతో, మాయలతో. 1987లో సింగీతం శ్రీనివాసరావు 'పుష్పక విమానం' ఒక్క మాట లేకుండా వస్తే తెలుగు ప్రేక్షకులు నవ్వుతూనే చూశారు. అసలు మూలం అమెచ్యూర్ నాటకంలో ఉంది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన దగ్గర్నుంచి పరిషత్తు పోటీల చుట్టూ ఒక పెద్ద లోకం పెరిగింది. ఆఫీసు గుమస్తాలు, ఉపాధ్యాయులు, వకీళ్లు సాయంత్రాలు రిహార్సల్ చేసుకుని ఊరూరా ఆడిన నాటికలవి. ఒక గది సెట్టు, నాలుగు కుర్చీలు, అరగంటో గంటో నిడివి, చప్పట్లన్నీ డైలాగుకే. వృత్తిగా ఆడిన సురభి కదలికను నమ్ముకుంటే, సరదాగా ఆడిన సమాజాలు మాటను నమ్ముకున్నాయి. వేదిక మీద ఆ లెక్క సరైనదే. అక్కడ నటుడి గొంతు నేరుగా చివరి వరుస దాకా పోతుంది, మధ్యలో కొనాల్సిన వస్తువేదీ లేదు. గాల్లోకి లేపే తాళ్లే ఖరీదు. తెర మీద లెక్క తిరగబడుతుంది. ఎగిరినట్టు చూపించడానికి ఒక కత్తెర చాలు, గొంతు వినిపించడానికి మాత్రం యంత్రాలు కావాలి. పరిషత్తు పద్దును తెచ్చి సినిమా మీద రాసుకోవడంతో వచ్చిన పొరపాటిది. దానికి తోడు పెద్ద తెలుగు సినిమా దశాబ్దాల పాటు శబ్దాన్ని తీసేటప్పుడు పట్టించుకోకుండా డబ్బింగ్ థియేటర్‌కు వదిలేసింది. చూసి నేర్చుకున్నవాళ్లకూ శబ్దం తర్వాత చూసుకోవచ్చులే అన్న ధీమా అలవడింది.

కెమెరా చవకైపోవడంతో ఈ పొరపాటు ఊపందుకుంది. 2008లో వచ్చిన కానన్ 5డి మార్క్ టూ స్టిల్ కెమెరాయే అయినా పెద్ద సినిమా లాంటి బొమ్మ ఇచ్చింది. ఆ తరహా కెమెరాలు అద్దెకు దొరకడంతో హైదరాబాదులో, విశాఖలో, అమెరికాలో వారాంతాలు ఖాళీ ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల మధ్య తెలుగు షార్ట్ ఫిల్ము పుట్టింది. వెనక అస్పష్టంగా వెలిగే దీపాలు, ముందు స్ఫుటంగా ముఖం; ఇంత అందమైన బొమ్మ వస్తుంటే మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించాలనే అనిపిస్తుంది. అదే కెమెరా శబ్దం దగ్గరికొచ్చేసరికి ఆటబొమ్మ. మొదట్లో శబ్ద స్థాయిని అదే సవరించుకునేది, మనిషి చేతికి ఆ పట్టు ఇచ్చింది 2010లో మార్చిన సాఫ్ట్‌వేరే. నటుడు మాట ఆపి ఊపిరి తీసుకున్న క్షణంలో, నిశ్శబ్దంగా ఉంది కదా అని కెమెరా శబ్దాన్ని పెంచేది. ఫ్యాను రొద, రోడ్డు మీద హారన్లు, కెమెరా సొంత బుస అలలాగా లేచేవి. అతను మళ్లీ నోరు తెరవగానే అణిగేవి. ప్రేమ విఫలమైన కుర్రాడి మౌనాల్లో బుస్సుమనే ఆ శబ్దం ఆ కాలపు షార్ట్ ఫిల్ములు చూసినవాళ్లందరికీ పరిచయమే. విడిగా రికార్డరూ కాలర్ మైకూ పెట్టుకోవచ్చు, డబ్బింగ్ చెప్పించుకోవచ్చు. మొదటిదానికి, వినడమే పనిగా చెవుల్లో ఫోన్లు పెట్టుకుని కూర్చునే మనిషొకడు కావాలి, పక్కింటి కుక్కర్ కూత ఆగేదాకా కాచుకునే ఓపిక కావాలి. రెండోదానికి తన పెదాల్ని తానే పట్టుకోగల నటుడు కావాలి. కంటికి ఆనని చోటికి జరిగిన ఖర్చంటే ఇదే. వీటన్నిటికీ మించి నటన ఉంది. శిక్షణ లేని మనిషి పరుగెత్తితే నిజంగానే పరుగెత్తుతాడు. అదే మనిషి ఒక పేజీ సంభాషణ చెబితే అప్పజెప్పినట్టుంటుంది.

అయితే మాట మీద నిలబడ్డ విజయాలు లేవా అంటే ఉన్నాయి. షార్ట్ ఫిల్ముల నుంచి వచ్చిన తరుణ్ భాస్కర్ 2016లో తీసిన 'పెళ్లి చూపులు'కు మాటల విభాగంలో జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమాను డబ్బింగ్‌కు వదలకుండా సింక్ సౌండ్‌లో, అంటే తీసేటప్పుడే శబ్దం పట్టి, తీశారన్నది కూడా పక్కనే రాసుకోవాలి. అటువైపు, 2020లో నెల్లూరు కుర్రాళ్లు కొందరు 'సరిలేరు నీకెవ్వరు'లోని ఫైటును సెల్‌ఫోనుతో అచ్చంగా మళ్లీ తీస్తే రాష్ట్రమంతా చూసింది, ఆ సినిమా దర్శకుడే మెచ్చుకున్నాడు. నకలు కదా అనొచ్చు. నకలే. కానీ ఏ షాటు తర్వాత ఏ షాటు వస్తే దెబ్బ తగిలినట్టు కనిపిస్తుందో వాళ్లు నేర్చుకున్న పాఠం నకలు కాదు. ఉగాండాలో కంపాలా శివారు వకలిగాలో ఐజాక్ నబ్వానా 2010లో 'హూ కిల్డ్ కెప్టెన్ అలెక్స్' తీసినప్పుడు రెండు వందల డాలర్లు కూడా కాలేదంటారు. హెలికాప్టర్లూ మంటలూ అన్నీ పాత విడిభాగాలతో కట్టుకున్న కంప్యూటర్లోవే. తర్వాతి సినిమాకు జాగా కోసం అసలు ప్రతిని చెరిపేయాల్సి వచ్చింది. ఇవాళ మిగిలింది అక్కడి వీడియో హాళ్ల సంప్రదాయంలో సినిమా మీదుగా ఒక వ్యాఖ్యాత కేకలు వేస్తూ చెప్పిన ప్రతి. పాత్రల మాటలు ఆ కేకల కింద పడి పోయినా సినిమా ప్రపంచమంతా తిరిగింది.

యాక్షన్ ప్రమాదకరమన్న మాటను కొట్టిపారేయలేం. మిసిసిపీలో ముగ్గురు కుర్రాళ్లు 1982 నుంచి ఏడేళ్లు 'రెయిడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్'ను షాటు షాటుగా మళ్లీ తీస్తూ ఇంటి కింది గదిలో మంటలు పెట్టారు, ముఖానికి అచ్చు తీయబోయి పారిశ్రామిక ప్లాస్టరు పూసి తమలో ఒకణ్ని ఆసుపత్రి పాలు చేశారు. అది ఎవరూ అనుసరించాల్సిన దారి కాదు. నడిరోడ్డు మీద బొమ్మ తుపాకీ పట్టుకుని పరుగెత్తినా పోలీసులు వస్తారు. కానీ డెరెన్ నాలుగు అడుగుల్లో, స్పీల్‌బర్గ్ పిండిలో ప్రమాదం ఎక్కడుంది? ఒక మనిషి ఏదో కావాలనుకోవడం, దానికోసం ఏదో చేయడం, అది కుదరకపోవడం. ఇంతవరకూ కంటికి కనిపిస్తే చాలు. పగిలిన గాజు అతికించడానికి తంటాలుపడే పిల్ల కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

లండన్‌లో 1999 నుంచి స్ట్రెయిట్ 8 అనే పోటీ నడుస్తోంది. ఒక్క సూపర్ 8 కాట్రిడ్జి, 3 నిమిషాల 20 సెకన్లు. ఎడిటింగ్ లేదు, కెమెరాలో ఏ వరుసలో తీస్తే అదే సినిమా. శబ్దం విడిగా, బొమ్మ చూడకుండానే చేసి పంపాలి, కాబట్టి పెదాలకు మాట కలపడం కుదిరే పని కాదు. మన కాలేజీ ఉత్సవాల్లో, తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాల వేదికల మీద షార్ట్ ఫిల్ము పోటీలు పెట్టేవాళ్లు సెల్‌ఫోనుతో ఇలాంటి విభాగం ఒకటి కలపాలి. మూడు నిమిషాలు, మాటల్లేవు. మాటలుండే విభాగం ఎలాగూ ఉంటుంది. దానికి మాత్రం బహుమతుల్లో ఒకటి శబ్దం పట్టినవాడి పేరు మీద ఇవ్వండి.